చేతికివ్వని రొట్టె

మంగళవారం ఉదయం లోవర్ హట్ నుంచి వెల్లింగ్టన్ వెళ్ళే రైల్లో ఉండగా మెసేజ్ వచ్చింది. ప్రొఫెసరమ్మ గారి భర్త పంపారు. "తెల్లవారుజామున వెళ్ళిపోయింది. రేపు మధ్యాహ్నమే ఖననం. నువ్వు రావాలి." రెండుసార్లు చదివాను. కిటికీ పక్కన సముద్రం రోజూలాగే ఉంది. రైలు దిగి ఆఫీసు లిఫ్ట్ ఎక్కాక గానీ ఏడుపు రాలేదు.

ప్రొఫెసరమ్మ అన్న పేరు నేను ఇంట్లో పెట్టుకున్నది. ఆవిడ యూనివర్సిటీలో యూదుల చరిత్ర, మతం, గ్రంథాలు బోధించేవారు. నెలకోసారి సాయంత్రం ఊళ్ళో అందరి కోసం ఒక ఉపన్యాసం ఇచ్చేవారు. టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. నేను అక్కడికి జ్ఞానం కోసం వెళ్ళానని చెప్తే అబద్ధం. ఆరేళ్ళ క్రితం ఒక సాయంత్రం రైలు క్యాన్సిల్ అయింది, వాన, గాలి, చేతిలో గొడుగు వెనక్కి తిరిగిపోయింది. తెరిచి ఉన్న తలుపు కనిపించింది, లోపల టీ, బిస్కెట్లు కనిపించాయి. వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను.

కాగితాలు పంచారు. నడిమధ్య నాలుగు లైన్ల మూలం, చుట్టూ నాలుగు వైపులా వ్యాఖ్యానాలు. మూలం కింద టీక, టీక కింద తాత్పర్యం చూసి పెరిగినదాన్ని, నాకు ఆ కాగితం పరాయిగా అనిపించలేదు. ఆ కాగితం జారి నా కాలి మీద పడితే అలవాటుకొద్దీ తీసి కళ్ళకద్దుకున్నాను. ఆవిడ వేదిక మీద నుంచి చూశారు. "మేమైతే ముద్దు పెట్టుకుంటాం" అన్నారు, అంతే, మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోయారు.

ఆవిడ ఉపన్యాసం ముప్పావుగంట. తరువాత అరగంట ఇద్దరిద్దరు జతగా కూర్చుని ఆ కాగితం మీద వాదించుకోవాలి. యూదుల చదువు పద్ధతే అదట. ఆ రోజు జత దొరకని నా పక్కకి ఆవిడే వచ్చి కూర్చున్నారు. ఎలా ఉంది అని అడిగితే, చాలా బాగుంది మేడమ్ అన్నాను.

"బాగుంది అన్న మాట బిస్కెట్ గురించి చెప్పు. పాఠంలో నీకు నచ్చనిది ఏమిటో చెప్పు."

గురువుగారితో వాదించడమా! ఆవిడ వదల్లేదు. ఆవిడదీ లోవర్ హట్టే, మా స్టేషన్‌కి రెండు స్టేషన్లు ముందు. రైల్లో నా పక్క సీట్లో కూర్చుని, దిగేలోపు ఒక్క ప్రశ్న అడిగి తీరాలని పట్టుబట్టేవారు. నేను సిగ్గుపడుతూ అడిగే పిచ్చి ప్రశ్నలకి కూడా బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకునేవారు. ఊరికాని ఊళ్ళో నా మాటని ఒకరు రాసుకున్నారంటే నాకెంత ఆనందమో మాటల్లో చెప్పలేను. ఆఫీసులో పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను, అక్కడ నేను రాసుకోవడమే గానీ నా మాట ఎవరూ రాసుకోలేదు.

ఏడాది గడిచాక ఒక శుక్రవారం సాయంత్రం, వాళ్ళ సబ్బాతు మొదలయ్యే వేళకి, మావారినీ మా అమ్మాయినీ నన్నూ భోజనానికి పిలిచారు. దీపాలు వెలిగించారు. జడలా అల్లిన రొట్టె మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. ఆవిడ భర్త ప్రార్థన చదివారు, ఆవిడ రొట్టె కోశారు. దగ్గరగా ఉన్నది నేనే. ప్రసాదం తీసుకునేటప్పుడు పట్టినట్టు కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టి పట్టాను. ఆవిడ నా చెయ్యి చూశారు. చూసి, ముక్కని నా ప్లేట్లో పెట్టారు.

చాచిన చేతులు ఒళ్ళోకి లాక్కున్నాను. ఎందుకో చెప్పాలి. చిన్నప్పుడు మా నాయనమ్మ కొందరికి మంచినీళ్ళు పై నుంచి పోసేది, తినేవి అరుగు మీద పెట్టేది. చేతికిచ్చేది కాదు. ఎవరికి ఇవ్వదో, ఎందుకివ్వదో ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు, అయినా నాకు తెలుసు. ఆ ఇంటి పిల్లని కాబట్టి ఈ పనికి అర్థం నాకు బాగా తెలుసుననుకున్నాను. మిగతావాళ్ళకి ఎలా ఇచ్చారో చూడను కూడా లేదు.

ఆ తరువాత మూడు నెలలు ఉపన్యాసాలకి వెళ్ళలేదు. రైల్లో పెట్టె మార్చాను. మావారు "ఎందుకొచ్చిన గొడవ, వదిలేయ్" అన్నారు. మా అమ్మాయి మాత్రం "జస్ట్ ఆస్క్ హర్, అమ్మా" అంది. ఇక్కడ పుట్టిన పిల్ల, దానికి అడగడం సులువు. అలగడం నాకు సులువు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్ మోగింది. తలుపు తీస్తే గాలికి జుట్టంతా చెదిరిపోయి ఆవిడ.

"నాతో వాదించడం మానేశావు. నేనేం చేశాను?"

"అయ్యో, ఏం లేదండీ. ఆఫీసులో పని. రండి, భోంచేద్దురుగాని" అన్నాను. ఎంత కోపమున్నా భోజనం వేళకి వచ్చినవాళ్ళని వట్టి కడుపుతో పంపలేం కదా. పప్పు, అన్నం వడ్డించాను. ఆవిడ కాస్త ఉప్పు కావాలని చెయ్యి చాచారు. నేను ఉప్పు గిన్నె తెచ్చి ఆవిడ ప్లేటు పక్కన పెట్టాను.

ఆవిడ చాచిన చెయ్యి అలాగే ఉంది. గిన్నె వంక చూశారు, నా వంక చూశారు.

"నా చేతికి ఎందుకివ్వలేదు?"

మూడు నెలలు నేను గొంతులో పెట్టుకు తిరిగిన ప్రశ్న! ఆవిడ ఒక్క క్షణం కూడా దాచుకోలేదు.

"ఉప్పు చేతికిస్తే ఇద్దరికీ తగాదా వస్తుందంటారండీ మా ఇళ్ళల్లో. కావలసినవాళ్ళకి అస్సలు ఇవ్వం."

ఆవిడ నవ్వు మొదలుపెట్టి దగ్గొచ్చేదాకా నవ్వారు. తరువాత కళ్ళు తుడుచుకుని నెమ్మదిగా అడిగారు. "ఆ శుక్రవారం నీ ప్లేట్లో రొట్టె పెట్టాను. అదా?"

నేను తల దించుకున్నాను.

"మేం ఆ రోజు రొట్టె ఎవరి చేతికీ ఇవ్వం. అందరి ప్లేట్లలోనూ పెట్టాను, నా భర్త ప్లేట్లో కూడా. చేతికిచ్చేది దుఃఖంలో ఉన్నవాళ్ళకి. మనిషి పోయిన ఇంట్లో."

అప్పుడు ఏడ్చాను. మా నాయనమ్మ సంగతి చెప్పాను. ఆవిడ ఊరడించలేదు, పరవాలేదు అని కూడా అనలేదు. "ఇంకోసారి నా మీద కోపం వస్తే వచ్చి నాతో పోట్లాడు. నువ్వు అడగకపోతే నాకు జవాబు చెప్పే దారి ఉండదు" అన్నారు. అంత పెద్ద చదువు చదివినావిడ, నన్ను వెతుక్కుంటూ రెండు స్టేషన్లు వచ్చి చెప్పిన మాట అది. నా అంతట నేను ఎన్నటికీ వెళ్ళేదాన్ని కాదు. ఆ రుణం తీరేది కాదు.

తరువాతి ఉపన్యాసానికి చేతికివ్వని వస్తువులనే విషయం తీసుకుని, నన్ను అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఉప్పు గురించి చెప్పాను, ఆ తరువాత నాయనమ్మ గురించి కూడా చెప్పాను. ముందు వరసలోని ఒక పెద్దాయన, ఈ దేశపు మూలవాసి, మావోరీ, అన్నం తినే బల్ల మీద తమవాళ్ళు ఎందుకు కూర్చోరో చెప్పాడు. ఆ రోజు హాలు ఖాళీ చెయ్యమని వాచ్‌మన్ వచ్చి రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

నిరుడు ఆవిడకి జబ్బు చేసింది, చూస్తుండగానే ముదిరింది. కుర్చీలో కూర్చునే పాఠం చెప్పారు. చివరిసారి నేను "మీరు చెప్పినదానికి ఒప్పుకోను" అంటే, ఆవిడ పుస్తకం తీసి రాసుకుని, ఆపైన కళ్ళజోడు తీసి నన్ను చూసి నవ్వారు.

బుధవారం శ్మశానంలో గాలి నిలవనివ్వలేదు. ఒక్కొక్కరూ పారతో మట్టి వేసి, పారని పక్కవాళ్ళ చేతికివ్వకుండా మట్టిలో గుచ్చి పక్కకి తప్పుకుంటున్నారు. నా పక్కనున్న పెద్దావిడని ఎందుకని అడిగాను. దుఃఖం చేతి నుంచి చేతికి పోకూడదని, అంది. నా వంతు వచ్చినప్పుడు మట్టిలోంచి పార పెరుక్కుని, వేసి, మళ్ళీ గుచ్చాను.

అక్కడి నుంచి వాళ్ళింటికి వెళ్ళాం. మనిషి పోయిన ఇంట్లో మొదటి భోజనం బయటివాళ్ళే తేవాలట. మాకూ అంతే, ఆ ఇంట పొయ్యి వెలగదు. పప్పు తెమ్మన్నారు, ఉడికించిన గుడ్లు తెమ్మన్నారు. మా ఇంటి పప్పే తీసుకెళ్ళాను, తాలింపు తక్కువ వేసి. ఆవిడ భర్త, దుఃఖంలో ఉన్నవాళ్ళు కూర్చునే పొట్టి కుర్చీలో ఉన్నారు. బల్ల మీద రొట్టె ఉంది. ఎప్పుడూ కోసే మనిషి లేదు. నేనే కోశాను.

ముక్క తీసుకెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన పక్కనున్న ప్లేటు వంక చూడలేదు. చెయ్యి చాచారు. నేను రొట్టెని ఆ చేతిలో పెట్టాను. ఆయన వేళ్ళు రొట్టెతోపాటు నా వేళ్ళ మీద కూడా మూసుకున్నాయి, చాలాసేపు తెరుచుకోలేదు.