శాంతయ్య చూసిన తెల్ల పెచ్చు

తిరుపతిలోని ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో శాంతయ్య ముప్పైరెండేళ్లుగా గాజు ఫ్లాస్కులు కడుగుతున్నాడు. ఆయన కడిగిన ఫ్లాస్కులతో డాక్టరేట్లు తెచ్చుకుని ఎందరో పెద్ద ఉద్యోగాలకు పోయారు. థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు రాసేటప్పుడు క్యాంటీన్ అతని పేరైనా గుర్తొచ్చింది గానీ ఈయన పేరు ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆయనా పట్టించుకోలేదు.

ఫాస్ఫరస్ మందు వేసి రెండు కార్బన్ల మధ్య జంట బంధం కట్టే చర్య ఒకటుంది. విట్టిగ్ అంటారు. వేసిన ఫాస్ఫరస్ అంతా చివరికి ఆక్సైడై ఫ్లాస్కు అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. అసిటోన్ పోసి ఎంత తోమినా ఒక పట్టాన వదలదు. ఆ పెచ్చు మందం చూసి మందు ఎంత వేశారో శాంతయ్య చెప్పేసేవాడు. ఎవరూ నేర్పిన విద్య కాదది.

నగరి నుంచి పరిశోధనకు వచ్చిన నందిని అసలా పెచ్చే లేకుండా చేస్తానంది. మరమగ్గాల ఇంటి పిల్ల. పదో వంతు ఫాస్ఫరస్ చాలట. ఆక్సైడైనదాన్ని సైలేన్ అనే మరో మందు అందులోనే మళ్లీ మొదటి రూపానికి తెస్తుందట. ఆయనకు అర్థం కావాలని, మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడెతో పోల్చి చెప్పింది.

"నాడె ఉండాది గదన్నా. పోతాది, వస్తాది. గుడ్డలో మాత్రం కలవదు."

అంత ఓపికగా ఆయనకు చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం.

నాలుగో ఏట ఎనభై ఆరు శాతం దిగుబడి వచ్చింది. గైడు పొంగిపోయి సోమవారం పేపరు పంపాలన్నాడు. ఫెలోషిప్పు ఆ నెలతో ఆఖరు, పేపరు పంపితేనే పొడిగిస్తారు. శనివారం ఆ ఫ్లాస్కులు తొట్టిలోకి వచ్చాయి. శాంతయ్య ఒకదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఎప్పటి పెచ్చే, ఎప్పటంత మందమే. ఇంకోటి తీసి చూశాడు. అదీ అంతే.

నోరు మూసుకుని తోమేస్తే అడిగే దిక్కు లేదు. కానీ రేపు ఇంకెవరో అదే ప్రయోగం చేసి చూస్తే ఆ పిల్ల తలెత్తుకోలేదు. కడగని ఫ్లాస్కుతోనే ఆమె దగ్గరికి పోయి, పదో వంతు వేసినట్టు లేదని చెప్పాడు. నందిని కళ్లు అంతవరకూ చేతికి వచ్చిన పదార్థం మీదే ఉన్నాయి గానీ ఫ్లాస్కు అడుగున మిగిలినదాని మీద లేవు. వెళ్లిపోయిన సీనియరు కలిపిపెట్టిన ఫాస్ఫరస్ ద్రావణం సీసా తెచ్చి పరీక్ష చేసింది. చీటీ మీద రాసినదానికంటే పది రెట్లు చిక్కగా ఉంది. అంటే జరిగింది పాత చర్యే.

"నువ్వు తప్ప ఎవురూ సూళ్లేదు గదన్నా," అంది నందిని.

"నేను సూసినా. ఇప్పుడు నువ్వూ సూసినావు పాపా."

సోమవారం గైడుకు ఆమే చెప్పింది. సరైన కొలతతో చేస్తే వచ్చింది పంతొమ్మిది శాతం. ఫెలోషిప్పు ఆగిపోయింది. పొద్దున ఏదో ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ల్యాబుకు వచ్చేది. శాంతయ్యతో మాట మానేసింది. తన ఫ్లాస్కులు తానే కడుక్కుంది. ఆ దెబ్బే ఆయన తట్టుకోలేకపోయాడు. పద్నాలుగు నెలలు పక్క తొట్టి దగ్గర ఆ నీళ్ల చప్పుడు వింటూ, చెప్పకుండా ఉండాల్సిందని ఎన్నిసార్లు అనుకున్నాడో.

రిటైరైన రోజు శాలువా కప్పారు. ఆయన గురించి మాట్లాడమంటే అందరూ ఆయన సమయపాలన గురించే మాట్లాడారు. అంతా అయ్యాక ఆయన తన బ్రష్షులు సంచిలో సర్దుకుంటుంటే నందిని వచ్చి నిలబడింది. చేతిలో కడగని ఫ్లాస్కు. వచ్చిన పదార్థాన్ని ఇంకా పరీక్ష చేసే మిషనుకు ఇవ్వలేదంది.

"ముందు నువ్వు సూడన్నా."

శాంతయ్య దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. అడుగున కాస్త నూనె జిడ్డు, ఒక పక్కన గోటి అంచంత తెలుపు. అంతే. కళ్లు మసకబారితే తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నాడె తిరిగొచ్చింది పాపా," అన్నాడు.

నందిని ఫ్లాస్కు కోసం చెయ్యి చాచలేదు. "కడిగిచ్చి పో అన్నా," అంది.

శాంతయ్య సంచిలోంచి బ్రష్షు మళ్లీ బయటికి తీశాడు.