ఆయిలు పోయిన విమానం, మా బావ కుడికాలు

పోయిన వారం విజయనగరం నుంచి సాలూరు వస్తూ బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. రామభద్రపురం దాటాక రోడ్డు మీదికి ఒక గేదె వచ్చింది. డ్రైవరు బ్రేకు మీద కాలేసిన క్షణంలోనే నా కుడికాలు కూడా బస్సు నేలను తొక్కింది. పక్కాయన నా కాలి వంక చూసి నవ్వాడు. నవ్వనీ. లారీల ఊళ్లో బతికినవాళ్లకి ఆ జబ్బు పోదు. నేను గమనించింది వేరే సంగతి. ఒకప్పుడైతే నా కాలు నేలను టపటపా కొట్టేది. ఇప్పుడు ఒక్కసారి తొక్కి అలాగే పట్టుకుంది. ఈ అలవాటు నాకు లారీలో రాలేదు. మా బావ ఇంటి ముందుగదిలో, ఒక యుద్ధ విమానం దగ్గర వచ్చింది.

బావంటే మా అక్క మొగుడు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ సాలూరు నుంచి కొరాపుట్ ఘాట్ మీద లారీ తోలాడు. నేను షెడ్డులో ఆ లారీలకే బ్రేకులు బాగుచేసేవాణ్ణి. రెండువేల పది దాటిన కొన్నాళ్లకి బావకి పక్షవాతం తగిలింది. చెయ్యి తేరుకుంది గానీ కుడికాలు తేరుకోలేదు. డాక్టరు కాలు ఆడిస్తూ ఉండమన్నాడు, అదే నోటితో ఇక రెస్టు తీసుకోమనీ అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. బతికున్న మనిషిని షెడ్డులో పెట్టి తాళం వెయ్యడం కాదూ? బావ గుమ్మం దిగడం మానేశాడు. ఆదివారం మా బాప్టిస్టు గుడికి వెళ్లాలంటే లారీ స్టాండు ముందునుంచే దారి. "కాలీడ్చుకుంటూ ఆళ్ల ముందునుంచి నడవమంటావేటి?" అని నా మీద విరుచుకుపడ్డాడు. అక్క ఒక్కతే బైబిలు సంకన పెట్టుకుని వెళ్లొచ్చేది.

వాళ్లమ్మాయి, అంటే నా మేనకోడలు, బొబ్బిలి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. నాన్న కాలు కదలాలని ఒక ఆట తెచ్చిపెట్టింది. చేతికో కర్ర, కాళ్ల కింద రెండు పెడల్స్, ఎదురుగా తెర మీద యుద్ధ విమానం. ముసలాడికి పిల్లల ఆటలేమిటని వీధిలో నవ్వినవాళ్లున్నారు. నవ్వినవాళ్లెవరూ ఆ తెర ముందు కూర్చుని చూడలేదు. ఆ విమానం కడుపులో గొట్టాలన్నీ లెక్కప్రకారం ఉన్నాయి. గుండు తగిలితే ఆయిలు కారుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది, ప్రెజరు చూపే ముల్లు మెల్లగా కిందికి వాలుతుంది. బావకి యుద్ధం మీద మోజు లేదు. "ఆళ్లతో నాకేటి గొడవ?" అనేవాడు. ఆయిలు కారడం మాత్రం ఆయనకి తెలిసిన విషయం. మేనకోడలు అదెలాగో ఆటలో గుండు తగలకుండానే ఆయిలు పోయేటట్టు పెట్టింది.

దాని పద్ధతి చెబుతాను. విమానంలో రెక్కల్నీ చక్రాల్నీ కదిపే ఆయిలు లైన్లు రెండు. రెండూ పోతే చేతిలో కర్ర ఉత్త కర్రే, రెక్కలు మాట వినవు, సీటుతో సహా బయటికి ఎగిరిపోవడమే. బావకి పోయేది ఒకటే. అప్పుడు రెక్కలు వింటాయి గానీ చక్రాలు వాటంతట అవి దిగవు. వేరే పిడి లాగితే బుడ్డిలో దాచిన గ్యాసు వాటిని తోస్తుంది. దిగాక ముందు చక్రం పక్కకి తిరగదు. కాళ్ల కింది పెడల్సే బ్రేకులు, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. వాటికి ఒక చిన్న డబ్బాలో మిగిలిన ప్రెజరే దిక్కు.

"గెంతీ నాన్నా, ఆటే కదా," అంది కూతురు.

"బండొగ్గీసి గెంతిన డ్రైవర్ని కాదమ్మా నాను. దీన్ని దించి ఆపిన్నాడే గుమ్మం దిగుతాను," అన్నాడు బావ. అక్క ఆ మాట పట్టుకుంది. మర్నాటి నుంచి అన్నం ముందు చేసే ప్రార్థనలో విమానం కూడా చేరింది.

విమానం దిగేది, ఆగేది కాదు. మా లారీల్లో బ్రేకు మెత్తబడితే పెడల్ గబగబా కొడతాం, కొట్టిన కొద్దీ ఆయిలు పుంజుకుంటుంది. బావ అదే చేశాడు. నేను వెనక నిలబడి "కొట్టు బావా, కొట్టు" అని అరిచాను. ప్రతిసారీ రన్‌వే దాటి పొలాల్లోకి పోయాం. ఈ ఆట చేసినవాళ్లకి బ్రేకంటే ఏమిటో తెలీదని తీర్మానించి, ఆ తప్పు పట్టుకుందామని ఆట తాలూకు ఇంగ్లీషు పుస్తకం ముందేసుకున్నాను. నేను బడికి పోయింది తక్కువ. స్పేరు పార్టుల డబ్బాల మీద రాతల్తో, ఒక పాత నిఘంటువుతో నేర్చుకున్న ఇంగ్లీషు నాది. కూడబలుక్కుంటూ చదివితే తేలిందేమిటంటే, డబ్బాని మళ్లీ నింపే పంపు చచ్చిపోయింది. కాలు ఎత్తి తొక్కిన ప్రతిసారీ ఉన్నది తరుగుతుంది. ఒక్కసారి తొక్కి, ఆగేవరకూ పట్టి ఉంచాలి. ఇన్నాళ్లూ విమానాన్ని పొలాల పాలుచేసింది మా ఘాట్ చదువే.

బావ అంతా విన్నాడు. "తొక్కి పట్టడమే కదరా నాకు రానిది," అన్నాడు. నిజమే. ఆ కుడికాలు తొక్కగలదు, నిలవలేదు. వణుకుతూ తనంతట తనే పెడల్‌ని కొడుతుంది. మర్నాడు కంప్యూటర్ మీద తువ్వాలు కప్పేశాడు. "ఆయిలు పోడం తీసెత్తాను నాన్నా, మామూలుగా దించు," అని కూతురు బతిమాలింది.

"నా కాలికి కూడా తీసెయ్యగలవేటమ్మా?" అన్నాడు. ఆ పిల్ల వంటింట్లోకి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకి ఒక శనివారం మధ్యాహ్నం ఆయనే తువ్వాలు తీశాడు. ఎర్రదీపం వెలిగింది, ముల్లు వాలింది. పిడి లాగితే చక్రాలు దిగాయి. విమానం నేల తాకాక కర్ర వదిలేసి, రెండు చేతులూ కుడి మోకాలి మీద వేసి, తన కాలిని తనే అదిమిపట్టాడు. "కొట్టు" అనే మాట నా గొంతు దాకా వచ్చింది, మింగాను. అక్క చేటతో గుమ్మంలో నిలబడిపోయింది. విమానం ఎడమకి లాగింది, ఒక చక్రం గడ్డిలోకి దిగింది, మెల్లగా, మరీ మెల్లగా ఆగింది.

"ఆగిపోనాది నాన్నా, కాలు తియ్యి," అంది పక్కనున్న కూతురు.

"ఉండమ్మా," అన్నాడు బావ, మోకాలి మీంచి చేతులు తియ్యకుండా. "మళ్లీ ఇలాగ పడతాదో నేదో."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం దిగాడు. అక్క ముందు, నేను వెనక. స్టాండు దగ్గర పాత క్లీనరొకడు టీ గ్లాసు పట్టుకుని, "ఏటి మావా, బండి పక్కకి లాగుతన్నాది?" అన్నాడు. నేను తిట్టబోయాను. బావ ఆగి, ఊపిరి తీసుకుని, "లాగితే లాగనీరా. బ్రేకు పడతన్నాది," అని నడిచాడు.

ఆ తర్వాత బావ ఎక్కువ కాలం లేడు, ఉన్నన్ని ఆదివారాలూ నడిచాడు. ఇప్పుడు నా వంతు. నా రోజుల్ని మళ్లీ నింపే పంపు కూడా ఎప్పుడో ఆగిపోయింది. అందుకే మొన్న బస్సులో పక్కాయన నవ్వుతున్నా, ఆ గేదె తీరిగ్గా రోడ్డు దాటేవరకూ కాలు ఎత్తకుండా అలాగే తొక్కి పట్టుకున్నాను.