మెట్లు లేని డిజైన్ కాలేజీని చూసొచ్చి కుళ్లుకున్న రోజు

కుడికాలికి ఇనుప కడ్డీల కాలిపరు, చంకలో కర్ర ఉన్న మనిషి హైదరాబాదు చుట్టుపక్కల ఎక్కడెక్కడికి వెళ్లి రావచ్చో ఈ బ్లాగులో రాస్తూ వస్తున్నాను. ఇన్నాళ్లూ కోటల గురించీ, చెరువు గట్ల గురించీ, హోటళ్ల గురించీ రాశాను. ఈసారి ఒక కాలేజీ గురించి రాస్తున్నాను. పోయిన ఏడాది, అంటే 2012లో, శంషాబాద్‌లో వికలాంగ పిల్లలకు బొమ్మల పోటీ పెట్టి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. మెహిదీపట్నంలో స్కూలు డ్రాయింగు మాస్టారిని కాబట్టి పిలిచారనుకున్నాను. కర్ర ఉంది కాబట్టి పిలిచారని వెళ్లాక అర్థమైంది. విమానం బొమ్మ వేయమంటే పిల్లలందరూ పక్కనుంచి కనిపించే విమానం వేశారు. మౌనిక అనే అమ్మాయి మాత్రం కింది నుంచి వేసింది. తెల్లటి పొట్ట, అందులో తెరుచుకున్న తలుపులు, వాటిలోంచి దిగుతున్న చక్రాలు. ఆ అమ్మాయి వీల్‌చైర్‌లో ఉంటుంది. వాళ్ల ఊరు రన్‌వేకి దగ్గర. వాకిట్లో మంచం మీద పడుకుంటే రోజూ నెత్తిమీద కనిపించే విమానం అదే. మొదటి బహుమతి ఆమెకే ఇచ్చాను.

ఈ మే నెలలో మౌనిక నాన్న యాదయ్య ఫోన్ చేశాడు. టమాటా పండించే రైతు, తన ట్రాలీ బండి తనే నడుపుకుంటాడు. "సార్, బిడ్డ ఇంటర్ పాసైంది. మా దిక్కు డిజైన్ కాలేజీ ఒకటి పెట్టిండ్రు. అసొంటి పిల్లల్ని గూడ తీసుకుంటమంటున్నరు. నాకేం సమజైతలేదు. మీరు గూడ గిట్లనే ఉన్నరు గదా, ఒక్కసారి వచ్చి చూడుండ్రి. మీరు మంచిదంటె చేర్పిస్త, లేదంటె లేదు," అన్నాడు. ఒక పిల్ల చదువు నా మాట మీద ఆగి ఉందని తెలిశాక వెళ్లకుండా ఉండలేను. అయితే బయల్దేరేటప్పుడు మనసులో ఇంకో మాట కూడా ఉంది. అలాంటి కాలేజీ నిజంగా ఉండదనీ, వెళ్లి చూస్తే పైపై మాటలే బయటపడతాయనీ నాకు గట్టి నమ్మకం. నమ్మకం కంటే కోరిక అనడం నిజం.

జూన్ మొదట్లో ఒక శనివారం ఉదయం, ఎనిమిది దాటాక మెహిదీపట్నంలో ఎయిర్‌పోర్టు ఏసీ బస్సు ఎక్కాను. టికెట్టు మామూలు సిటీ బస్సు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. అయినా మనలాంటి వాళ్లు ఆ డబ్బు పెట్టడమే మంచిది. మామూలు బస్సు మొదటి మెట్టు నా మోకాలి ఎత్తున ఉంటుంది. ఈ బస్సు నేల ఫుట్‌పాత్‌కు దాదాపు సమానంగా ఉంటుంది, ముందువైపు రెండు సీట్లు మనకే వదులుతారు. "నిమ్మలంగ ఎక్కన్నా, తొందరేం లేదు," అని కండక్టరు నా సంచీ అందుకుని పక్క సీట్లో పెట్టాడు. పై వంతెన మీదుగా ఆరాంఘర్ దాకా ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత బెంగళూరు రోడ్డు, ముప్పావుగంటలో శంషాబాద్. ముందే చెబితే ఊళ్లో ఆపుతారు. స్టేజీ పక్క హోటల్లో రెండు ఇడ్లీ, ఒక చాయ్ అయ్యేసరికి యాదయ్య బండి వచ్చింది. ముందు సీట్లో మౌనిక, వెనక ఖాళీ టమాటా డబ్బాల మధ్య తాళ్లతో కట్టిన వీల్‌చైర్. ఆ పిల్ల కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

"నువ్వేమనుకుంటున్నావమ్మా? చేరాలని ఉందా?" అని అడిగాను.

"ఉంది సార్. గని బాపు భయపడుతుండు," అంది.

"భయం కాదు బిడ్డా, ఆడికి పొయినంక ఇబ్బందైతె ఎట్లని," అన్నాడు యాదయ్య రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "రోజూ ఎవలు ఎత్తి కూసోబెడ్తరు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సొంత జవాబు ఉంది. ఇరవై ఏళ్ల కిందట కోస్తాలో ఒక ఊళ్లో బొమ్మల కాలేజీలో నాకు సీటు వచ్చింది. పెయింటింగు క్లాసు రెండో అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. ఇద్దరు స్నేహితులు రోజూ నన్ను చేతుల మీద మోసుకెళ్లేవారు. ఎప్పుడూ విసుక్కోలేదు. కానీ వాళ్లలో ఒకరు రాని రోజు నేను కింద మెట్ల మీద కూర్చుని, పైన మాస్టారు చెప్పే పాఠం వినబడుతుందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. ప్రిన్సిపాల్‌ని అడిగితే, క్లాసు కిందికి దించడం కుదరదన్నారు. ఏడాది తిరక్కుండానే మానేసి, కింది అంతస్తులో జరిగే డ్రాయింగు టీచర్ల కోర్సులో చేరాను. ఆ కోర్సే నాకు ఇవాళ అన్నం పెడుతోంది. అయినా పెయింటరు కావలసిన వాణ్ణని అనుకోని రోజు లేదు.

కాలేజీ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారి పక్కన, యాదయ్య పక్క రైతు అమ్మిన పొలంలో ఉంది. శంషాబాద్ నుంచి పావుగంట. అంతా ఒకే అంతస్తు, మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. గేటు నుంచి ఆఫీసు దాకా నేల ఎక్కడా తెగలేదు. నేను కర్రతో గచ్చును పొడుస్తూ నడిచాను. జారుతుందేమో చూశాను, జారలేదు. తలుపు గుండ్రటి పిడి తిప్పి తెరిచేదేమో చూశాను, మోచేత్తో నొక్కితే తెరుచుకునేది పెట్టారు. నేను వెతికిన ప్రతిచోటా నాకంటే ముందు ఎవరో వచ్చి ఆలోచించి వెళ్లినట్టుంది. మౌనిక తన చక్రాలు తనే తోసుకుంటూ నాకంటే చాలా ముందు వెళ్లిపోయింది. వెనక నడుస్తున్న యాదయ్య ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కట్టుకున్నాడు.

మాకు అన్నీ చూపించింది నజ్మా మేడం. కుర్చీలూ బల్లలూ తయారుచేసే కోర్సు ఆవిడదే. నలభై దాటిన మనిషి, పాతబస్తీ వైపు ఆవిడ. ప్రవేశ పరీక్ష ఎలా పెడతారని అడిగాను. "కాయితం మీద ఇంగ్లీషు వ్యాసం లేదండి. ఒక వస్తువు చేతికిస్తాం, దాన్ని మార్చి చూపించమంటాం. చెప్పేది తెలుగులో చెప్పినా ఉర్దూలో చెప్పినా సరే. మాట్లాడలేనివాళ్లు చేతులతో చెబుతారు, అర్థం చేసుకునే మనిషి మా దగ్గర ఉంది," అంది. మొదటి గదిలో ఇద్దరు బధిర కుర్రాళ్లు, జల్‌పల్లి నుంచి వచ్చే ముగ్గురు అమ్మాయిలు ఒకే బల్ల చుట్టూ చేరి ఒక టీ కెటిల్ పిడి గురించి పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాటలో సగం చేతులతో, సగం నోటితో నడుస్తోంది. బల్లకు పక్కన తిప్పే పిడి ఉంది, తిప్పితే ఎత్తు మారుతుంది. నేను దాన్ని తిప్పి, నా నడుముకు సరిపోయే ఎత్తుకు తెచ్చి, మళ్లీ కిందికి దించేశాను. ఎవరూ చూడలేదనుకుంటాను. కడుపులో మంటగా ఉంది. ఆ బల్ల నాకు అప్పుడు ఉంటే అన్న మాట ఎంత ఆపుకున్నా ఆగడం లేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో కొంచెం ఊరట దొరికింది. అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు నలభై రూపాయలు. వడ్డించేచోట గట్టు వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్లకు అందేలా బాగా కిందికి ఉంది. వంట చేసే బాలమణి అక్క ఆ గట్టు మీదికి వంగి వడ్డిస్తోంది. "ఇది ఎత్తు తక్కువగా ఉన్నట్టుంది కదా?" అని కావాలనే కదిపాను.

"ఏం చెప్పాలె సారూ, పొద్దుమూకెదాంక వంగి వంగి నడుము పోతుంది. పిల్లలకు మంచిగైంది, నాకే పరేషాన్ అయితుంది," అంది.

ఒక తప్పు దొరికిందని లోపల సంబరపడ్డాను. పక్కనే ఉన్న నజ్మా మేడం వెంటనే, "నిజమే, అక్క నెల నుంచి చెబుతోంది. సెలవుల్లో సగం గట్టు ఎత్తు చేయిస్తున్నాం," అంది. వెంటనే ఒప్పుకునే మనిషితో పోట్లాట ఏం పెట్టుకుంటాం? పచ్చిపులుసు చాలా బాగుంది. అది కూడా నచ్చలేదు.

భోజనమయ్యాక వాకిలి చివరి షెడ్డుకు వెళ్లాం. మట్టితో పాత్రలు, బొమ్మలు చేయడం అక్కడ నేర్పుతారు. దాని ముందు రెండు మెట్లున్నాయి. మౌనిక వాటి ముందు ఆగిపోయింది. లోపల చక్రం మీద తిరుగుతున్న మట్టి ముద్దను చూస్తూ మెడ చాచింది. యాదయ్య అలవాటుగా ముందుకొచ్చి ఎత్తడానికి వంగాడు. ఆ పిల్ల, "వద్దు బాపు," అంది. మెల్లగానే అంది.

"ఇక్కడ మెట్లున్నాయండీ," అన్నాను నజ్మా మేడంతో. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది.

"వాన నీళ్లు లోపలికి రాకుండా మేస్త్రీ కట్టేశాడు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు మట్టి పనికి ఇంతవరకు ఎవరూ రాలేదు, మేమూ పట్టించుకోలేదు. అది మా తప్పే. మాస్టారూ, మీకు తొందర లేకపోతే మా పిల్లలతో కూర్చుని దీనికేదైనా దారి చెప్తారా?" అంది.

నాకు కావలసింది క్షమాపణ. ఆవిడ పని అప్పజెప్పింది. రెండో సంవత్సరం పిల్లలు ఆరేడుగురు వచ్చి నేలమీద చుట్టూ కూర్చున్నారు. నాకు స్టూలు వేసి చేతికి సుద్దముక్క ఇచ్చారు. ర్యాంపు తిన్నగా కడితే ఎంత పొడవు కావాలో గచ్చు మీద గీశాను. అంత పొడవు వస్తే ఎదురుగా ఉన్న నీళ్ల తొట్టి అడ్డం. పొడవు తగ్గిస్తే నిటారుగా అవుతుంది. ఒక కుర్రాడు ప్లైవుడ్ పలక తెచ్చి మెట్ల మీద వాల్చాడు. మౌనిక ఎక్కడానికి చూసింది. సగం దాకా వెళ్లి వెనక్కి జారింది. యాదయ్య చటుక్కున కుర్చీ పట్టుకున్నాడు. "బాగ నిట్టగున్నది," అంది ఆమె, చేతులు దులుపుకుని. "పక్కకు తిప్పితె ఎట్లుంటది సార్? మధ్యల జర ఆగెతందుకు జాగుండాలె." నేను గీత చెరిపి, ర్యాంపును గోడ వెంట తీసుకెళ్లి మూల దగ్గర తిప్పాను. ఇంకో అమ్మాయి, మలుపులో వీల్‌చైర్ తిరగడానికి చోటు చాలదంది. మళ్లీ చెరిపాను. సాయంత్రపు ఎండ షెడ్డులోకి వచ్చేదాకా గీస్తూ, చెరుపుతూ, వాదించుకుంటూ కూర్చున్నాం. ఆ కాసేపూ నాకు కుళ్లు గుర్తులేదు. నా జీవితంలో నేను పూర్తిగా కూర్చున్న మొదటి డిజైన్ క్లాసు అదే. క్లాసు అయిపోయి పిల్లలు బ్యాగులు తగిలించుకుని బస్సు కోసం పరుగెత్తాక, స్టూలు మీద ఒక్కణ్ణే ఉండిపోయాను. వాళ్లు సోమవారం మళ్లీ వస్తారు, నేను రాను. అప్పుడు పొద్దుటి మంట రెట్టింపై తిరిగొచ్చింది.

తిరుగు ప్రయాణంలో యాదయ్య, బండి రోడ్డెక్కాక, "ఇగ చెప్పుండ్రి సార్. ఏం చేద్దాం?" అన్నాడు.

ఆ షెడ్డు ముందు మెట్లున్నాయి కదా అనొచ్చు. ర్యాంపు ఎప్పుడు కడతారో, వచ్చే ఏడు చూద్దామనొచ్చు. అలా అంటే ఆయన వినేవాడు, పిల్ల ఇంట్లోనే ఉండేది. ఆ మాట నాలుక దాకా వచ్చిందని రాయడానికి సిగ్గుగా ఉంది. మింగేసి, "చేర్పించండి యాదయ్యగారూ. ఆలస్యం చెయ్యొద్దు," అన్నాను.

ఆయన తలూపాడు. మౌనిక నా ముఖం వైపే చూస్తోంది. "సార్, మీకు ఆడ కోపమొచ్చినట్టుండె," అంది.

"కోపం కాదమ్మా. కుళ్లు. నువ్వు అక్కడ చదువుకుంటావని."

ఆ పిల్ల నవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఉండదా సార్ మరి," అంది. "మా చెల్లె వానల ఉరుకుతుంటె నాకు గట్లనే అయితది. అయినా దానికి పొడి బట్టలు నేనే అందిస్త."

జూలైలో మౌనిక చేరింది. నెల తర్వాత ఫోన్ చేసి షెడ్డుకు సిమెంటు ర్యాంపు కట్టారని చెప్పింది. "మీరు గీసినట్టు కట్టలే సార్. నీళ్ల తొట్టినే ఆవలికి జరిపిండ్రు. మంచిగైంది." తొట్టిని జరపొచ్చన్న ఆలోచన నాకు తట్టనే లేదు. ఫోన్ పెట్టేశాక దాని మీద కూడా కాసేపు కుళ్లుకున్నాను.

ఇది రాసేటప్పటికీ ఆ కుళ్లు పోలేదు. పోవాలని కూడా ఇప్పుడు అనుకోవడం లేదు. ఇరవై ఏళ్లుగా నా కాలే నన్ను ఆపిందనుకున్నాను. ఆ రోజు ఒకే అంతస్తున్న కాలేజీలో సాయంత్రం దాకా తిరిగితే అదే కాలు నన్నెక్కడా ఆపలేదు. అందుకే మనసు ఎక్కువ మండింది. నా చదువు ఆగింది ఎవరో కట్టిన మెట్ల వల్లనేననీ, ఇంకోలా కట్టడానికి అప్పుడూ సిమెంటూ ఇసుకా ఉన్నాయనీ కళ్లారా చూడటం తేలిక కాదు. అయినా మీ ఇంట్లో బొమ్మలు వేసే పిల్లలుంటే వెళ్లి చూడండి. మీకూ మంట పుడితే పుట్టనివ్వండి, పిల్లల్ని మాత్రం చేర్పించండి. వెళ్లబోయేవాళ్లకు ఒక్క సలహా: ఏ కాలేజీకైనా ముందు ఫోన్ చేసినప్పుడు "వికలాంగులకు సౌకర్యాలున్నాయా" అని అడక్కండి, అందరూ ఉన్నాయనే చెబుతారు. "గేటు దగ్గర్నుంచి క్లాసు గది దాకా, అక్కడ్నుంచి బాత్రూము దాకా ఎన్ని మెట్లున్నాయి" అని అడగండి. లేచి వెళ్లి లెక్కపెట్టి వచ్చి చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లండి.