ఏదీ వదలని గొంతు

నా కళ్లు పోయిన తర్వాత నాకెవరూ ఏదీ పూర్తిగా చదివి వినిపించలేదు.

పేపరు చదవమంటే, ఏం లేదు, వట్టి రాజకీయాలే అనేవారు. మందు సీసా మీద ఏముందంటే రోజుకు రెండుసార్లు అనేవారు. మిగతా రాత సంగతి అడిగితే విసుక్కునేవారు. నేను బడి ఎక్కువ ఎరగను. చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాన్ కింది కుర్చీ కోసం పొద్దున్నే వెళ్లి ఇంగ్లీషూ, లెక్కలూ, చట్టమూ నా అంతట నేను చదువుకున్నవాణ్ణి. ఏది చదవాలో, ఏది వదిలేయాలో నా తరఫున ఇంకొకరు తేల్చడమేమిటి? ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

తొంభైలు ముగిసే రోజుల్లో బషీర్‌బాగ్‌లో ఉండే మిత్రుడు, ఆయనా నాలాగే చూపులేనివాడు, తన దగ్గరున్న పాత డబ్బా ఒకటి ఇచ్చాడు. మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ వెనక తగిలిస్తే తెర మీది రాతను పైకి చదువుతుందట. దానికి కావలసిన, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే సిస్టం సీడీ కూడా ఇచ్చాడు. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నాడు. ఏ వరసలో ఏం టైపు చేయాలో క్యాసెట్‌లో చెప్పి పంపాడు. కీబోర్డుకు నేను భయపడలేదు; నారాయణగూడలో టైపు నేర్చిన వేళ్లు ఇవి. చిక్కల్లా ఒకటే. డబ్బాకు మాటలొచ్చేదాకా తెర చూసి చెప్పే మనిషి కావాలి.

ఆ మనిషి నా భార్య. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. అశోక్‌నగర్ ఇంటి ముందు గదిలో నా పక్కన కూర్చుని ఒక్కో అక్షరమే చెప్పేది. నేను కూడబలుక్కుని, క్యాసెట్ ఆపి, టైపు చేసేవాణ్ణి. పొయ్యి మీద పప్పుంటే అక్షరాల వేగం పెరిగేది. చుక్కలు కూడా చెప్పాలన్నాను.

"మీ డబ్బకు నోరొచ్చే వరకు నా నోరు పడిపోతది" అంది.

అంతా చేశాం. డబ్బా పలకలేదు. మళ్లీ మొదటి నుంచి చేశాం. రోజుల తరబడి అదే పని. చివరికి మిత్రుడికి ఫోన్ చేశాను.

"తెర మీద ఫెయిల్ అని ఏమన్న వస్తున్నదా అన్నా?" అని అడిగాడు.

రావడం లేదని ఖండితంగా చెప్పాను. అది రాకుండా డబ్బా మూగగా ఉండదే అన్నాడు. ఫోన్ చేతిలో ఉండగానే ఆమె వైపు తిరిగి అడిగాను: ఎఫ్, ఎ, ఐ, ఎల్. వంటింట్లోకి వెళ్లబోతున్నదల్లా ఆగింది.

"రోజూ వస్తున్నది."

ఆ ఒక్క ఇంగ్లీషు మాట ఆమెకు తెలుసు. మా గల్లీలో అది తెలియని ఇల్లాలు లేదు. ప్రతి ఇంటి మేడ మీదా పరీక్షలకు చదివే పిల్లలే కిరాయికి. రిజల్టు వచ్చిన రోజు ఆ మాటే మెట్లు దిగి వచ్చేది. తెర మీద అది కనబడినప్పుడల్లా ఆ వరస దాటేసి కింది వరస అందుకునేది. నేను అరిచాను. నువ్వు కూడానా అన్నాను.

ఆ వరస చదివించుకున్నాక సంగతి తేలింది. సిస్టం వెతుకుతున్న చోట డబ్బా లేదు. వెనక ఒకే తీరు సాకెట్లు రెండున్నాయి, మేం తగిలించింది రెండోదానికి. వేళ్లతో తడిమి మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను.

గొంతు వచ్చింది. జలుబు చేసిన మనిషి ముక్కుతో చదివినట్టుంది. అంకె వదల్లేదు, చుక్క వదల్లేదు. కీబోర్డు కుడి చివరనున్న అంకెల మీటల్లో ఒకటి నొక్కితే అదే వరస మళ్లీ చదివింది, మళ్లీ నొక్కితే మళ్లీ, విసుగన్నది లేకుండా. మా ఇంట్లో ప్రింటర్ లేదు కాబట్టి ఒక వరసలో ఫెయిల్డ్ అని కూడా చదివింది, మిగతా మాటల్లాగే. నా మొహం ఎరగనివాళ్లు, ఏ దేశాల్లోనో కూర్చుని, కూలి అడగకుండా ఇంత పని చేసి పెట్టారు. ఆ సాయంత్రం ఆ సిస్టం వాడుకునే షరతులన్నీ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఎంత పొడి రాతో! ఎవరైనా ఏం లేదు అని దాటేసేదే. నాకు మాత్రం లైబ్రరీలో నా కుర్చీ నాకు తిరిగి దొరికినట్టుంది.

ఆమె నా వెనక నిలబడి వింటోంది. ఆ ఫెయిల్ మాట ఎందుకు దాచావని అడిగాను. ఈసారి అరవలేదు.

"గా మాట గా డబ్బనే చెప్పనీయుండ్రి. నా నోటితోని మీకు నేను చెప్ప."