ముప్ఫయ్యో అట్ట

అప్పట్లో నాకు రెండే భయాలుండేవి. మా పత్రికను ఎవరూ చదవరేమోనని ఒకటి, ఎవరైనా చదివితే ఏమంటారోనని రెండోది. ఇప్పుడు నా భయాలు లెక్కపెట్టాలంటే పాప నిద్రపోయాక కూర్చుని, వేళ్లు చాలక మళ్లీ మొదటి వేలికి రావాలి. గ్యాస్ కట్టేశానా, బాల్కనీ గొళ్లెం పడిందా, పాప ఊపిరి ఎందుకింత నెమ్మదిగా తీస్తోంది, (కాసేపయ్యాక) ఎందుకింత గట్టిగా తీస్తోంది. వీటి మధ్య ఆ పాత రెండు భయాలూ గుర్తొస్తే, ఎవరిదో సుఖమైన బతుకును కిటికీలోంచి చూసినట్టుంటుంది. కానీ నిజం చెప్పొద్దూ, ఈ భయపడే విద్యంతా నేను నేర్చుకున్నది ఆ పత్రిక దగ్గరే. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దాని మూడో సంచిక దగ్గర, ఒకే ఒక్క ఆదివారం నాడు.

మేముండేది సూరత్‌లో, భేస్తాన్ వైపు. నాన్న ఒక సేఠ్ షెడ్డులో జకార్డ్ మగ్గాలు నడిపే కారిగర్. షెడ్డు మీదున్న ఒంటి గది ఆ పనితోపాటు వచ్చింది, పని పోతే గదీ పోతుంది. నాన్నకు ముందున్నాయన డిజైన్ కార్డులు పాడుచేశాడని సేఠ్ ఒక్క పూటలో సామాను బయట పెట్టించాడట. మా ఇంట్లో అన్నం తిననని మొండికేసినప్పుడల్లా ఆ కథే చెప్పేవాళ్లు. నేను కాలేజీలో రెండో ఏడు. మా పత్రిక పేరు ‘కండె’. కండె అంటే మగ్గం నాడెలో పెట్టే, నూలు చుట్టిన పుల్ల. (పేరు దొరికిన రోజు నేను గాల్లో నడిచాను. నాన్న మాత్రం "ఇంకో పేరే దొరకలేదా బిడ్డా? పొద్దంత గవ్వే చూసి సస్తున్నం గద" అన్నాడు.) సంపాదక వర్గం మొత్తం ఇద్దరం. నేను రాసేదాన్ని, నా స్నేహితురాలు బొమ్మలు వేసేది. కొప్పులో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని తిరిగేది కాబట్టి అందరూ ఆమెను పెన్సిల్ అనే పిలిచేవాళ్లు. ఇక్కడే పుట్టి గుజరాతీ బడిలో చదివిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. నేను కథ వినిపిస్తే కళ్లు మూసుకుని విని, "సమఝ్ గయీ, ఏడుపు బొమ్మ కావాలె" అనేది. నేను రాసిన కథలన్నిటికీ ఏడుపు బొమ్మే కావలసి వచ్చేది. ముప్ఫై ప్రతులు జిరాక్స్ తీసి, తెలుగువాళ్ల ముప్ఫై ఇళ్లలో ఊరికే ఇచ్చి వచ్చేవాళ్లం. ఆ ఇళ్లలో చిన్నవాళ్లకు తెలుగు చదవడం రాదు, పెద్దవాళ్లకు వచ్చినా తీరదు. అంటే మేము పాఠకులు లేని చోటు వెతుక్కుని మరీ పత్రిక పెట్టామన్నమాట.

రెండు సంచికలకూ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, లోపం అట్టలో ఉందని నాకు తోచింది. (లోపల ఉండొచ్చని తోచలేదు.) జకార్డ్ కార్డు చూడనివాళ్లకు చెబుతాను. మూరెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పున్న గట్టి అట్టముక్క, దాని నిండా వరసలు వరసలుగా చిల్లులు. చీర మీది డిజైన్‌లో ఒక్కో గీతకు ఒక్కో కార్డు. అలాంటి వందల కార్డులను దారంతో వరుసగా కుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తే, ఆ చిల్లులు చెప్పినట్టే మగ్గం నేస్తుంది. పాతబడిన డిజైన్ల కార్డులు కట్టలు కట్టలుగా మా మెట్ల మలుపులో పడుండేవి, పాత కాగితాలు కొనే రద్దీవాడు వచ్చేదాకా. ఒక్కో ప్రతికి ఒక కార్డు పైఅట్టగా పెట్టి, లోపలి కాగితాలు ఆ కొలతకే కోసి, జరీ దారంతో కుడితే తాళపత్ర గ్రంథంలా ఉంటుందని నా ఊహ. పెన్సిల్ కూడా "ఏక్‌దమ్ ఆర్ట్!" అంది. కట్టలన్నీ ఎలుకలు కొరికి, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం అన్నిటికంటే పైన, తళతళలాడుతూ శుభ్రంగా ఉంది. సాహిత్యానికి శుభ్రమైనదే కావాలి కదా. దాని చివర కుట్లు తెంచి ముప్ఫై కార్డులు తీసుకున్నాను. కార్డు కొసన ఉన్న అంకెలు అందంగా లేవని వాటి మీద పత్రిక పేరున్న కాగితం అంటించాను. జిగురు ఆరాక సాయంత్రం చెరి పదిహేను లెక్కపెట్టి రెండు దొంతరలు పెట్టాను. పొద్దున్నే పెన్సిల్ వచ్చి తన దొంతర పట్టుకుపోయింది. అది బుధవారం.

శనివారం నాన్న అన్నం తింటూ అమ్మతో అన్నాడు. "సోమారం నుంచి కొత్త డిజైన్ ఎక్కిస్తున్నం. పెండ్లిళ్ల సీజన్ మాల్. కార్డుల కట్ట మెట్లకాడ పెట్టిన, ఎవ్వలు ముట్టకుండ్రి."

"గా ఎలుకల కుప్ప మీదనా?"

"దాని మీదనే. కొత్తది కనవడ్తనే ఉంటది గద."

నేను కుట్లు తెంచింది ఆ కట్టకే. నాన్నకు చెప్పేస్తే పోయేది కదా అని మీరంటారు. నాన్న ఎలాంటి మనిషంటే, చెప్పిన మరుక్షణం చెప్పులేసుకుని సేఠ్ ఇంటికి వెళ్లి ఒప్పేసుకుంటాడు. డిజైన్ గీసిన గ్రాఫ్ కాగితం సేఠ్ ఆఫీసులోనే ఉంటుంది కాబట్టి, కొత్త కార్డులు కొట్టించాలన్నా ఆయన్నే అడగాలి. అడిగితే గది పోయినట్టే. అమ్మకు చెబుదామా అంటే, ఆమె కడుపులో మాట అరగంట దాగదు, నేరుగా నాన్న దగ్గరికి వెళ్తుంది. అందుకని ఇంట్లో పెదవి విప్పలేదు. ఆ ఒక్క తెలివైన నిర్ణయం ఖరీదు తర్వాత తెలిసింది.

ఆదివారం పొద్దున్నే పెన్సిల్ దగ్గరికి పరిగెత్తాను. "అరే యార్, ఫాల్తూ టెన్షన్ తీస్కుంటున్నవ్. ముప్ఫై ఇండ్లే గద. చల్ నే!" అంది. బయల్దేరాం. తన పత్రిక ఎలా బతుకుతోందో ఏ సంపాదకురాలూ ఇంటింటికీ వెళ్లి చూడకూడదు. పక్క షెడ్డు కాకా దానితో దోమలు కొడుతున్నాడు. "గట్టిగుంది బిడ్డా, మంచి పుస్తకం" అని మెచ్చుకున్నాడు కూడా. ఒక వదిన పాలగిన్నె మీద మూతగా పెట్టింది, చిల్లుల్లోంచి ఆవిరి పోతుందట. ఒక ఇంట్లో పిల్లవాడు చిల్లుల్లోకి స్కెచ్ పెన్ పెట్టి గోడంతా చుక్కలు వేశాడు. మాకు కావలసింది పైఅట్ట ఒక్కటే కాబట్టి, దారం విప్పి లోపలి కాగితాలు తిరిగిచ్చేవాళ్లం. "గవి మాకెందుకు? గవి గూడ తీస్కపోండ్రి" అని వెనక్కి పిలిచి మరీ ఇచ్చేవాళ్లు. మధ్యాహ్నానికి సంచీ నిండా ఎవరికీ అక్కర్లేని నా కథలే.

మొత్తం ముప్ఫై ఇళ్లలో పుస్తకాలు చదివే మనిషి ఒక్కరే. హజీరాలో ఇంజినీరు గారి భార్య, కోస్తా వైపు ఆవిడ. మేము హజీరా ఆంటీ అనేవాళ్లం. వెళ్లేసరికి మా పత్రిక అద్దాల బీరువాలో, వెండి వినాయకుడి పక్కన ఉంది. సంతోషంతో నాకు కళ్లు తిరిగాయి. అట్ట అడగగానే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "అదేంటమ్మా! అట్ట తీసేస్తే అందులో ఇంకేం మిగులుతుంది? ఆ రంధ్రాలు ఊరు వదిలొచ్చినవాళ్ల మనసులోని ఖాళీలు కదూ? నేను దాని మీద ఎనిమిది పేజీల వ్యాసం రాస్తున్నాను." లోపలి కథలు చదివారా అని అడిగాను. "అట్ట దగ్గరే ఆగిపోయానమ్మా, అంత లోతుగా ఉంది" అన్నారు. పెన్సిల్ సంచీలోంచి ముందుచూపుతో తెచ్చిన పాత కార్డు తీసింది, మూల ఎలుక కొరికినది. "ఇది స్పెషల్ కాపీ ఆంటీ. ఇంకా లోతు." ఆవిడ ఆ కొరికిన మూలను వేలితో నిమిరి, "కాలం పంటిగాటు" అని పరవశించి, అసలుది ఇచ్చేశారు.

సాయంత్రానికి చివరి ఇల్లు, కోసాడ్ కాలనీలో ఒక అవ్వ గది. ఆమె చిన్నప్పటి కబుర్లు నేను రాసుకుని రెండో సంచికలో వేశాను కాబట్టి, మర్యాద కోసం ఈ సంచిక కూడా ఆమెకు ఇచ్చాం. మమ్మల్ని చూడగానే అవ్వ బియ్యం డబ్బాలోంచి పత్రిక తీసి ఒళ్లో పెట్టుకుంది.

"గిది కొత్త డిజైన్ కార్డు గాదె? ఎవలు తెంపిండ్రు?"

"నీకెట్లా తెలుసవ్వా?"

"అచ్చరాలు నాకు రావు. కార్డయితే సదువుత. ఇర్వై ఏండ్లు గివ్వే కుట్టిన." చిల్లుల మీద వేళ్లు నడిపించింది. "ఇగో, ఈడ మామిడి పిందె మెడ తిరుగుతుంది. మీ పుస్తకం మంచిగున్నదే, గని నడుమలకెల్లి షురూ అయింది."

నా పత్రికకు వచ్చిన ఏకైక సరైన విమర్శ అదే. అవ్వ నీళ్లు చల్లి పత్రిక పేరున్న కాగితాలు ఊడదీసి, అంకెలు బయటికి రప్పించి, కార్డులను నేల మీద వరసగా పరిచింది. ఇరవై తొమ్మిదే ఉన్నాయి. ఒకటి లేదు. మళ్లీ లెక్కపెట్టాం. ఇరవై తొమ్మిదే.

"నీ ఇళ్లు ఎన్నయ్యాయి?" అని పెన్సిల్‌ని అడిగాను.

"చౌదా. పద్నాలుగు. నువ్వు పద్నాలుగే ఇచ్చినవ్."

"పదిహేను లెక్కపెట్టి పెట్టాను. బస్సులో మర్చిపోయుంటావు."

"కసమ్ యార్, నేను మర్వలే."

"నీకు ఏం గుర్తుంటుంది? చదవడమే రాదు నీకు, లెక్కెక్కడ వస్తుంది?"

ఆ మాట అన్నది నేనే. అవ్వ ముందు, గట్టిగా. పెన్సిల్ కొప్పులోంచి తన పెన్సిల్ తీసుకుంది. అప్పుడు అవ్వ, "కొట్లాడుడు ఆపుండ్రి. పోయిన దాని పక్క కార్డునే ఇంకోపారి కొడ్దాం. గీత డబల్ పడ్తది, కొనేటోళ్లకు ఎర్కనా?" అని ఒక చీర డబ్బా మూత కోసి ఇచ్చింది. పెన్సిల్ పక్క కార్డును దాని మీద పెట్టి, ఒక్కో చిల్లు చుట్టూ సున్నా గీసింది. వందలకొద్దీ సున్నాలు. ముక్కు కొస మీంచి నీళ్లు జారుతున్నా ఒక్క సున్నా వంకర పోలేదు. అవ్వ దబ్బనంతో చిల్లులు పొడిచింది. ఆఖరి సున్నా అయ్యాక పెన్సిల్ మళ్లీ కొప్పులో పెట్టుకుని లేచి వెళ్లిపోయింది.

అవ్వ చేత కార్డులన్నీ మళ్లీ కుట్టించుకుని వచ్చి, రాత్రికి రాత్రి కట్ట చివర కలిపి కుట్టాను. సోమవారం మగ్గం నడిచింది. ఆ డబ్బా మూత ఎప్పుడు చిరుగుతుందోనని ఆ సీజనంతా నేను మగ్గం చప్పుడు లెక్కపెడుతూ బతికాను. నాన్న ఒకసారి అన్నాడు, "పిందె మెడకాడ ఒక గీత డబల్ పడ్తుంది. సేఠ్‌కు చూపెట్టిన. గొలుసు లెక్క మంచిగుంది, ఉండనీ అన్నడు." గది నిలిచింది. పత్రిక నిలవలేదు. నాలుగో సంచిక కథలు రాశాను కానీ, ఎవరికి వినిపించాలి? క్షమించమని అడగడానికి ముందు తప్పు నాది అయివుండాలి కదా. పదిహేను లెక్కపెట్టింది నేను, నా లెక్క తప్పదు.

పదకొండేళ్లయింది. అవ్వ లేదు. పెన్సిల్ పెళ్లి చేసుకుని కిమ్ అనే ఊరు వెళ్లిపోయిందని విన్నాను. ఆ షెడ్డులో ఇప్పుడు డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో వస్తాయి, మెట్ల మలుపులో ఏ కట్టలూ లేవు. నాన్న మగ్గం వదిలి ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడు. మొన్న పాపను బళ్లో వేయడానికి నా జనన ధ్రువపత్రం అడిగారు. (తల్లి పుట్టిందని రుజువు లేకపోతే పిల్లకు సీటు రాదేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు.) అమ్మ తన కాగితాల సంచీ మొత్తం నా ఒళ్లో కుమ్మరించింది. రేషన్ కార్డు, ఇంజెక్షన్ల కార్డు, వాటి అడుగున మూరెడు పొడవున్న అట్ట. జరీ దారం నల్లబడింది.

"ఇది నీ దగ్గరికి ఎట్లా వచ్చింది?"

"దొంతరల నుంచి నేనే తీసిన. బిడ్డ పుస్తకం ఇంట్ల ఒక్కటన్న ఉండద్దా? రేషన్ కార్డు కాడ పెడ్తే పోదని గిండ్ల పెట్టిన."

"మేం దీని కోసం ఊరంతా తిరిగాం, తెలుసా?"

"నన్నడిగినవా? అడిగితే ఇయ్యకపోదునా?" అని, పాపను ఒళ్లోకి లాక్కుని, "ఏమున్నది గిండ్ల? ఇప్పుడన్న సదివి చెప్పు" అంది.

చదివాను. ఇంట్లో ఎవరూ అర్థం చేసుకోని ఒక అమ్మాయి కథ. మూడు పేజీల నిండా అర్థం చేసుకోకపోవడమే. సిగ్గుతో కొన్ని వాక్యాలు దాటేశాను. అమ్మ అంతా విని, "పాపం, ఆ పిల్ల తల్లి యాడికి పోయిందే?" అంది.

పెన్సిల్ నంబరు ఆమె తమ్ముడి దగ్గర తీసుకుని, ఆ కార్డు ఫొటో పంపాను. కింద ఏం రాయాలో తెలియలేదు, రాసినా ఆమె చదవలేదు. అందుకని నోటితోనే చెప్పి రికార్డు చేసి పంపాను, తప్పు నాదేనని, చదవడం గురించి అన్న ఆ మాట కూడా తప్పేనని. రెండు రోజులు ఏమీ లేదు. ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో నా భయాల పట్టీ చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మూడో రోజు పది సెకన్ల గొంతు వచ్చింది. "అంటే పదకొండేండ్లు బస్సులనే తిరిగిందన్నట్టు. టికెట్ తీస్కున్నదా యార్?" వెనకాల ఎవరో పసివాడు ఏడుస్తున్నాడు.

ఆ పది సెకన్లూ ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో చెప్పను. విన్నప్పుడల్లా, నేల మీద పరిచిన కార్డుల ముందు వేలు చూపించి అరుస్తున్న ఆ ఇరవయ్యేళ్ల సంపాదకురాలు కళ్ల ముందు నిలబడుతుంది. ఒక్క చెంపదెబ్బ వేద్దామనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే దాని భయం చూసి జాలేస్తుంది. అయినా మొండిది, ఇప్పటికీ తగ్గదు. (పదిహేను లెక్కపెట్టే పెట్టాను. నిజంగా.)