పత్యం మా ఆయనకు, బోటికూర నాకు

ఆ రోజుల్లో నాకు దావతు అంటేనే భయం. నాచారంలో ఒక గది, రేకుల వంటిల్లు, నాకూ మా ఆయనకూ మందుల ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. వారమంతా బాగానే గడిచేది. ఏ దావతుకు వెళ్లినా మాత్రం ఎవరో ఒకరు నా కడుపు వైపు చూసేవారు. చివరికి ఉప్పల్‌లో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, లోపం నాలోనే ఉందని మెల్లగా చెప్పింది. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి తానే టీ పెట్టి, అందులో ఉప్పు వేశాడు (చక్కెర డబ్బా ఏదో ఆయనకు ఇప్పటికీ తెలియదు). ఇద్దరం చివరి చుక్క దాకా తాగేశాం.

ఆ తర్వాత కొద్దిరోజులకే అత్తగారి ఊళ్లో ఆడబిడ్డ కొడుకు పుట్టువెంట్రుకలు. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా. గుక్కపట్టి ఏడుస్తున్న వాణ్ణి మా ఆయన ఒళ్లో పెట్టుకోగానే ఆడబిడ్డ అందరి ముందూ అందుకుంది. "తమ్మీ, నీ ఒళ్లె నీ కొడుకు ఎప్పుడు కూసుంటడు? మా ఇంటాయన చెల్లె ఉన్నది, మస్తు మంచి పిల్ల. నీ పెండ్లాన్ని ఎల్లగొట్టుమంటలేం, ఆమె గూడ ఉంటది తియ్."

నేను అక్కడే వెల్లుల్లి ఒలుస్తున్నాను. నా చేతులు ఆగిపోయాయి.

మా ఆయన తల కూడా ఎత్తలేదు. ప్యాంటు మీది వెంట్రుకలు దులుపుకుంటూ, "లోపం నాదే అక్కా. డాక్టరమ్మ జెప్పింది. ఇంకో పదిమందిని జేసుకున్నా గంతే" అన్నాడు. మంగలి కత్తెర ఆగింది. నేను నోరు తెరవబోయాను. ఆయన చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను.

ఇంట్లోవాళ్ల ఏడుపులయ్యాక ఆయన అసలు కష్టం మొదలైంది. అత్తమ్మ మధ్యాహ్నానికల్లా పక్క ఊరి నుంచి పసరు మందు తెప్పించింది. నాచారంలో పొద్దంతా మందు గోళీలు తనిఖీ చేసే మనిషి, కుడితి రంగులో ఉన్న ఆ పసరును కళ్లు మూసుకుని గ్లాసెడు తాగాడు. పైగా పత్యం: మాంసం వద్దు, కారం వద్దు, పులుపు వద్దు, కల్లు ఊసే వద్దు. పెరట్లో యాటపోతును కోశారు, దాని పేగులతో బోటి ఉడుకుతోంది. బోటికూరంటే ప్రాణం పెట్టే మనిషి చప్పిడి పప్పన్నం ముందేసుకుని కూర్చున్నాడు. అత్తమ్మ నాకు మాత్రం కొసరి కొసరి వడ్డించింది. "తిను బిడ్డా, నీకేం తక్కువ." నేను ఏడుస్తూ తిన్నాను. కారమనుకున్నారు. (సిగ్గు విడిచి చెబుతున్నాను, కూర చాలా బాగుంది.)

బయలుదేరేముందు అత్తమ్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. "ఇంకొకతి అయితే ఎప్పుడో పోతుండె. జర ఓపిక వట్టు. నా కొడుకును ఇడిసిపెట్టకు బిడ్డా." నిజం చెబితే ఆమె దిగులు తీరుతుంది. నా కాపురం కోసం ఆయన తలమీద వేసుకున్నదంతా నీళ్లపాలవుతుంది. "ఇడువను అత్తమ్మా" అన్నాను. అంత చిన్నబోయి నేనెప్పుడూ నిలబడలేదు.

ఉప్పల్‌లో బస్సు దిగగానే ఆయన మురుగు మోరీ పక్కన కూర్చుని పసరంతా కక్కేశాడు. నేను వీపు రాశాను. మూతి తుడుచుకుని అడిగాడు.

"అమ్మ వంటింట్ల ఏమన్నది?"

"నిన్ను ఇడిసిపెట్టొద్దన్నది."

"మరి నువ్వేమన్నవ్?"

"ఆలోచిస్త అన్న."

ఆ రోజుకు మొదటిసారి నవ్వాడు.

లోపం కొడుకుదేనని నమ్ముతూనే అత్తమ్మ కన్నుమూసింది. మాకు పిల్లలు పుట్టలేదు. ఇప్పటికీ నేను అలిగి కూర్చుంటే ఆయన పక్కకు చేరి, "ఆలోచన అయిందా?" అంటాడు. జుట్టు తెల్లబడిన నేను, "ఇంకా కాలే, ఫికర్ జెయ్యకు" అంటాను.