బస్సు మలుపు తిరిగేదాకా

చనిపోయినవాళ్లు తిరిగి వచ్చేది ఓటర్ల జాబితాలోనే అని క్లాసులో పిల్లలను నవ్వించేవాణ్ణి. నల్లగొండలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన మనిషిని. ఎవరైనా దయ్యాల ముచ్చట్లు మొదలుపెడితే టీ వంకతో లేచిపోయే రకం. ఇది చెప్పడానికి నాకే కొంచెం సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను.

మా ప్రసన్నకుమార్ సార్‌ది మక్తల్. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి, చదువుకొని, విదేశాల్లో మన రాయబార కార్యాలయాల్లో పనిచేశారు. తర్వాత ఆ కొలువు వదులుకొని యూనివర్సిటీలో మాకు పాఠాలు చెప్పారు. అప్పట్లో ప్రొఫెసర్ అంటే ఎంత మర్యాదో ఇప్పటివాళ్లకు చెప్పినా నమ్మరు. సార్ మక్తల్‌లో మాట్లాడితే సంతకు వచ్చిన రైతులు కూడా ఆగి వినేవారు. దేశాల మధ్య ఒప్పందాలను పొలం గట్టు పంచాయితీలాగా విడమరిచి చెప్పేవారు మరి.

రాయబారుల కొలువు నుంచి ఆయన తెచ్చుకున్న అలవాటు ఒకటుంది. మక్తల్‌లో తన ఇంటికి వచ్చినవాళ్లను వాకిట్లో వదిలేయరు. బస్టాండ్ దాకా వస్తారు. బస్సు కదిలేముందు గొడుగు మొనతో దాని రేకు మీద రెండుసార్లు తడతారు. అది మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడతారు. మంత్రి వచ్చినా అంతే, నాలాంటి విద్యార్థి వచ్చినా అంతే.

"పిలిచినోడు ముందుగాల మొకం తిప్పుకోవద్దు. పోయేటోడు ఎనుకకు మళ్లి చూస్తే మనం కనబడాలె" అనేవారు.

అలాంటి మనిషి కరోనా రోజుల్లో హైదరాబాద్ దవాఖానలో పోయారు. ఎవరినీ దగ్గరికి రానీయలేదు. కన్నబిడ్డ సునీత కూడా దూరం నుంచే చూసిందట. నేను నల్లగొండలో ఇంట్లో కూర్చొని ఏడ్చాను. అంతమందిని సాగనంపిన మనిషిని సాగనంపడానికి ఒక్కరు లేకపోయారే అన్న బాధ నన్ను వదలలేదు.

రాకపోకలు మొదలయ్యాక మక్తల్ పోయాను. సునీత జొన్నరొట్టెలు చేసి పెట్టింది. సార్ గొడుగు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది, కళ్లారా చూశాను. మోకాళ్ల నొప్పులతో బస్టాండ్ దాకా రాలేకపోతున్నానని ఆమె చాలా నొచ్చుకుంది. ఒక్కణ్ణే బయలుదేరాను. మంచి ఎండ, పట్టపగలు.

మహబూబ్‌నగర్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా కిటికీ కింద రేకు మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. తొంగి చూస్తే ఎవరూ లేరు. నా మనసే అనుకొని సర్దుకున్నాను. ఇంతలో కండక్టర్ వచ్చాడు. నన్ను గానీ సార్‌ను గానీ ఎరగని మనిషి.

"గా పెద్దమనిషి మీతోటి వచ్చిండా? ఎండల నిలబడ్డడు. ఎక్కుతడా, లేదా?" అన్నాడు.

ఏ పెద్దమనిషి అని అడిగాను. గొడుగు పట్టుకున్నాయన, ఇప్పుడే ఇక్కడుండె అంటూ కిందికి వంగి వెతికాడు.

నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. మేము వచ్చి పోతున్నంతకాలం ఈయన ఇట్లా ఎండలో నిలబడే ఉంటారా అనిపించింది. బ్యాగు తీసుకొని దిగిపోయాను. కండక్టర్ నన్నొక మాదిరిగా చూసి రైట్ చెప్పాడు. బస్సు పోయింది.

చుట్టూ జనం ఉన్నారన్న సోయి కూడా లేకుండా ఆ ఖాళీ జాగా వైపు తిరిగి పైకే అన్నాను.

"మీరు పోండ్రి సార్. గీసారి నేను నిలబడ్త."

కాసేపటికి సిమెంటు నేల మీద గొడుగు మొన తాకుతున్న చప్పుడు మొదలైంది. నా దగ్గర నుంచి మెల్లగా రోడ్డు వైపు పోతోంది. పక్కన పల్లీలు అమ్ముకుంటున్న ఆమె కూడా అటు తల తిప్పి చూసింది. మనిషి మాత్రం ఎవరూ లేరు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎండదెబ్బ అన్నారు మా ఇంట్లో. మరి కండక్టర్‌కు, ఆ పల్లీల ఆమెకు కూడా ఒక్కసారే తగిలిందా?

ఆ చప్పుడు మలుపు దాటి వినబడకుండా పోయేదాకా నేను మొకం తిప్పుకోలేదు.